ఒకే లెక్క, ఎన్నిసార్లు రాయాలి?



ఈ పూట నేను మాట్లాడబోయేది కాగితాల గురించి. కాగితాలనగానే రేడియో కట్టేసేవాళ్లుంటారని తెలుసు. కానీ అమెరికాలో ఉంటూ ఈ ప్రసారం వింటున్న మనవాళ్లలో చిన్నపాటి ఎలక్ట్రికల్ కంపెనీయో, ఫ్లోరింగ్ కంపెనీయో, కేబులింగ్ పనులో నడుపుకుంటున్నవాళ్లున్నారు. అలాంటి కంపెనీల్లో లెక్కలు రాసేవాళ్లున్నారు. పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర ప్రాజెక్టు ఇంజనీర్లుగా ఉన్నవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరి చేతికైనా ఒక్క ప్రభుత్వ పని వచ్చిందంటే, దానితోపాటు వారం వారం ఒక తలనొప్పి కూడా వస్తుంది. దాన్నే సర్టిఫైడ్ పేరోల్ అంటారు.

సంగతి ఇదీ. ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో కట్టే భవనమైనా, రోడ్డయినా, వంతెనయినా, అక్కడ చేతులతో పనిచేసే ప్రతి మనిషికీ ఆ కౌంటీలో ఆ పనికి నడుస్తున్న కూలీ రేటు తగ్గకుండా ఇవ్వాలి. ఇచ్చామని ఊరికే చెబితే చాలదు. ఎవరు, ఏ పని, ఏ రోజు ఎన్ని గంటలు చేశారో, ఎంత ఇచ్చామో, ఎంత కోశామో రాసి, కింద సంతకం పెట్టి, జీతం ఇచ్చిన రోజు నుంచి ఏడు రోజుల్లో పంపాలి. మళ్లీ వారం మళ్లీ పంపాలి. పని అయిపోయేదాకా ఇదే వరస.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందో తెలిస్తే, ఇందులో ఏది తీసేయవచ్చో, ఏది ముట్టుకోకూడదో తేలుతుంది. 1927లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో మాజీ సైనికుల కోసం ప్రభుత్వం ఒక ఆసుపత్రి కట్టించింది. పని అలబామా కాంట్రాక్టరుకు దక్కింది. ఆయన తక్కువ కూలీకి వచ్చే మనుషులను అంతదూరం నుంచి వెంటబెట్టుకొచ్చి పని చేయించాడు. స్థానిక కార్మికులు గొల్లుమన్నారు. ఆ నియోజకవర్గం ప్రతినిధి రాబర్ట్ బేకన్ బిల్లు పెట్టాడు. తర్వాత సెనేటర్ జేమ్స్ డేవిస్ తోడయ్యాడు. 1931 మార్చి 3న అధ్యక్షుడు హూవర్ సంతకంతో అది చట్టమైంది. ఇద్దరి పేర్లూ కలిపి డేవిస్-బేకన్ చట్టం అంటారు. అలబామా నుంచి వచ్చిన ఆ కూలీలు నల్లజాతివాళ్లు. అప్పటి చర్చల్లో జాతి ద్వేషం మాటలు కూడా దొర్లాయి. ఈ చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లు ఇప్పటికీ ఆ విషయం ఎత్తుతారు, ఎత్తడంలో తప్పూ లేదు. పుట్టుక అంత అందమైనదేమీ కాదు.

అయితే వారం వారం లెక్క పంపాలన్న నియమం ఆ చట్టంతో రాలేదు. అది 1934లో సెనేటర్ రాయల్ కోప్లాండ్ పేరుతో వచ్చిన మరో చట్టంలోది. ఆ కథ మనకు బాగా అర్థమవుతుంది. అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులవి, పని దొరకడమే గగనం. కాంట్రాక్టరు పుస్తకంలో పూర్తి కూలీ రాసేవాడు, చేతికి పూర్తిగానే ఇచ్చేవాడు, తర్వాత పక్కకు పిలిచి అందులో కొంత వెనక్కి పుచ్చుకునేవాడు. ఇవ్వనన్నవాడికి మర్నాడు పని ఉండేది కాదు. చట్టం చెప్పిన రేటు కాగితం మీద భద్రంగా ఉండేది, కూలీ జేబులో మాత్రం ఉండేది కాదు. అలా వెనక్కి పుచ్చుకోవడాన్ని నేరం చేసి, దాంతోపాటే వారం వారం జీతాల లెక్క పంపాలని పెట్టారు. అంటే ఈ కాగితం ఎవరికో తోచక పెట్టింది కాదు. ఆ సంతకం వెనక కడుపుమండిన జనం ఉన్నారు.

ఇక ఫారం సంగతి చూద్దాం. కార్మిక శాఖ తయారుచేసిన ఈ ఫారం పేరు డబ్ల్యూహెచ్-347. ఇదే వాడాలని లేదు, ఇందులో అడిగిన వివరాలన్నీ ఉంటే మీ సొంత ఫారం కూడా చెల్లుతుంది. ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న పాత నమూనాలో తొమ్మిది గళ్లుండేవి. పేరు, గుర్తింపు సంఖ్య, పని తరగతి, ఏ రోజు ఎన్ని గంటలు, మొత్తం గంటలు, రేటు, మొత్తం జీతం, కోతలు, చేతికిచ్చింది, ఇలా సాగేది. పూర్తి సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ, ఇంటి చిరునామా గానీ వారం వారం పంపే కాగితం మీద రాయకూడదు. చివరి నాలుగు అంకెలు చాలు. పాత అలవాటుకొద్దీ ఇప్పటికీ పూర్తి నంబరు రాసి ఈమెయిల్‌లో పంపేవాళ్లున్నారు. దయచేసి మానండి, అది మీ కార్మికుడి గుట్టు.

రెండో పేజీలో ఉంటుంది అసలు మాట. సంతకం పెట్టేవాడు, ఈ మనుషులకు జీతం ఇచ్చేది నేనే, లేదా ఇచ్చే పనిని చూసుకునేది నేనే అని అక్కడ ఒప్పుకుంటాడు. కోతలు చట్టం ఒప్పుకున్నవేననీ, రేటు తగ్గలేదనీ, రాసిన తరగతికీ చేసిన పనికీ పొంతన ఉందనీ చెబుతాడు. అబద్ధమని తేలితే ఫెడరల్ శిక్షాస్మృతి కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. మూడేళ్లపాటు ప్రభుత్వ పనులకు దూరం పెట్టవచ్చు. అందుకే బయట నుంచి వచ్చి లెక్కలు రాసిపెట్టే మనవాళ్లకు చెబుతున్నాను. యజమాని బిజీగా ఉన్నాడు కదా అని మీరు సంతకం గీకేయకండి. జీతాలు ఇచ్చేది మీరు కానప్పుడు, ఇచ్చేది నేనే అని ఎలా ఒప్పుకుంటారు?

ఆ పాత ఫారం అడుగున కార్మిక శాఖే ఒక అంచనా అచ్చువేసింది. నింపడానికి సగటున 55 నిమిషాలు పడుతుందట. ఒక్క ప్రాజెక్టుకు ఏడాదంతా వేసుకుంటే దాదాపు 48 గంటలు. మూడు ప్రాజెక్టులున్న కంపెనీకి 143 గంటలు. పెద్ద కంపెనీకి ఇదొక లెక్క కాదు, దానికోసం వేరే మనిషే ఉంటాడు. ఆరుగురితో నడిచే కంపెనీలో ఆ గంటలు యజమాని ఆదివారం సాయంత్రాల్లోంచో, ఆయన భార్య నిద్రలోంచో పోతాయి.

కానీ ఆ 55 నిమిషాలు పోయేది గళ్లు నింపడంలో కాదు. గళ్లలో ఏం రాయాలో తెలియకపోవడంలో.

ఒక ఉదాహరణ వినండి, అంకెలు నేను కల్పించినవే. ఎలక్ట్రీషియన్‌కు ఆ కౌంటీలో మూల రేటు గంటకు 40 డాలర్లు, ఫ్రింజ్ అంటే ఆరోగ్య బీమా, పెన్షన్ వగైరాల కింద మరో 15 డాలర్లు అనుకుందాం. ఫ్రింజ్‌ను పథకాల్లో కట్టవచ్చు, నగదుగానూ చేతికివ్వవచ్చు. నగదుగా ఇచ్చే యజమాని గంటకు 55 ఇస్తాడు. ఆ వారం అతను 44 గంటలు చేశాడు. 40 దాటిన నాలుగు గంటలకు ఓవర్‌టైమ్ ఎంత? 55కు ఒకటిన్నర రెట్లు వేసి 82న్నర అని రాసేవాళ్లు చాలామంది. అది సరి కాదు. ఒకటిన్నర రెట్లు మూల రేటుకే. నలభైకి అరవై, దానికి ఫ్రింజ్ పదిహేను కలిపితే 75. ఆ వారం జీతం 2,500 డాలర్లు. తప్పు లెక్కయితే 30 డాలర్లు ఎక్కువ పోతుంది. ఎక్కువిస్తే ఎవరూ కేసు పెట్టరు గానీ, బిడ్డులో వేసుకున్న లాభం ఇలాంటి చిల్లుల్లోంచే కారిపోతుంది.

దీనికి వ్యతిరేకంగా, తక్కువ పడే తప్పు ఇంకొకటుంది, ఇది ప్రమాదం. యజమాని కార్మికుడి ఆరోగ్య బీమాకు నెలకు 500 డాలర్లు కడుతున్నాడు. ఏడాదికి 6,000. ఆ మనిషి ఏడాదిలో 2,080 గంటలు పనిచేస్తాడు, అందులో సగం ప్రభుత్వ పని, సగం ప్రైవేటు పని. ఫ్రింజ్ కింద గంటకు ఎంత చూపుకోవచ్చు? 6,000ను మొత్తం 2,080 గంటలతో భాగించాలి. 2 డాలర్ల 88 సెంట్లు వస్తుంది. ప్రభుత్వ గంటలు 1,040తోనే భాగిస్తే 5 డాలర్ల 77 సెంట్లు వస్తుంది, అది చెల్లదు. బీమా ఏడాదంతా ఉన్నప్పుడు దాని ఖర్చంతా ప్రభుత్వ పని నెత్తిన రుద్దడానికి ఒప్పుకోరు. సోషల్ సెక్యూరిటీ పన్నులో యజమాని వాటా, వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా ఎలాగూ చట్టప్రకారం కట్టి తీరాల్సినవే, వాటినీ ఫ్రింజ్‌లో చూపకూడదు. ఈ లెక్క ఏడాదికోసారి కూర్చుని, ఒక్కో మనిషికీ కాగితం మీద వేసి పెట్టుకోండి. వారం వారం తల బద్దలుకొట్టుకోవక్కర్లేదు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చిపెట్టేది పని తరగతి. మన ఊళ్లలో మేస్త్రీ వెంట హెల్పరు ఉంటాడు, సామాను అందిస్తాడు, మధ్యమధ్య తనూ ఒక చెయ్యి వేస్తాడు. ఇక్కడి చిన్న కంపెనీల్లోనూ అంతే. కానీ ఆ కౌంటీ రేట్ల పట్టికలో హెల్పర్ అనే తరగతి లేకపోతే, ఆ పేరుతో తక్కువ రేటు ఇవ్వడానికి వీల్లేదు. వైరు లాగితే ఎలక్ట్రీషియన్ రేటు, గొయ్యి తవ్వితే లేబర్ రేటు. అప్రెంటిస్ అనాలంటే ప్రభుత్వం గుర్తించిన శిక్షణలో పేరు నమోదై ఉండాలి. ఒకే మనిషి ఒకే రోజు పొద్దున గొయ్యి తవ్వి, మధ్యాహ్నం వైరు లాగాడనుకోండి. నాలుగు గంటలు ఇది, నాలుగు గంటలు అది అని టైమ్ షీట్‌లో విడిగా ఉంటే రెండు రేట్లూ ఇవ్వవచ్చు. విడిగా రాసి లేకపోతే ఎనిమిది గంటలకూ పెద్ద రేటే. ఫోర్‌మన్ కూడా తన సమయంలో ఐదో వంతు మించి చేతులతో పనిచేస్తే, ఆ గంటలు లెక్కలోకి వస్తాయి. ఇంకో మాట. మనవాళ్లలో 1099 మీద, అంటే ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా, మనుషులను పెట్టుకుంటే ఈ గొడవ లేదని ఒక నమ్మకం ఉంది. లేకపోవడమేమీ లేదు. ఒప్పందం ఏ పేరుతో ఉన్నా సరే, సైటు మీద చేతులతో పనిచేసేవాడు కార్మికుడే అని చట్టమే చెప్పింది.

ఈ తరగతుల సంగతి శుక్రవారం నాడు ఆఫీసులో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? తెలియదు. ఫోర్‌మన్‌కు ఫోన్ చేస్తాడు. సోమవారం ఎవరు ఎక్కడున్నారో ఫోర్‌మన్‌కు గుర్తుండదు. ఇద్దరూ కలిసి ఒక ఊహ రాస్తారు. ఆ ఊహ కింద, ఇది నిజమని సంతకం. నా దృష్టిలో సర్టిఫైడ్ పేరోల్ మొత్తంలో కుళ్లు ఉన్న చోటు ఇదొక్కటే. విరుగుడు కూడా చవకైనదే. ఆ రోజు పని ఆ రోజే, సైటు మీదే, ఫోన్లో గానీ కాగితం మీద గానీ మూడు ముక్కలు రాయాలి. ఏ ప్రాజెక్టు, ఏ తరగతి, ఎన్ని గంటలు. కార్మికుడు చూసి సరేననాలి. అది ఉంటే మిగతా గళ్లన్నీ మామూలు పేరోల్ సాఫ్ట్‌వేర్ నింపేస్తుంది.

కంపెనీ చేయగలిగింది ఇంతవరకే. ఇక ప్రభుత్వం వంతు. సబ్ కాంట్రాక్టరును విసిగించేది ఫారం పొడుగు కాదు, ఒకే వారం లెక్కను మూడు చోట్ల కొట్టడం. కాలిఫోర్నియాను తీసుకోండి. రాష్ట్ర ప్రజాపనులకు అక్కడి పారిశ్రామిక సంబంధాల శాఖ తన ఆన్‌లైన్ వ్యవస్థలో లెక్క పెట్టమంటుంది. పని ఇచ్చిన నగర పాలక సంస్థ తనకూ కావాలంటుంది. ప్రభుత్వం నుంచి నేరుగా పని తీసుకున్న ప్రైమ్ కాంట్రాక్టరు తన ఎల్‌సీపీట్రాకర్‌లోనో మరో సాఫ్ట్‌వేర్‌లోనో పెట్టమంటాడు. అందులో ఫెడరల్ డబ్బు కూడా కలిసి ఉంటే రాష్ట్ర రేటు, ఫెడరల్ రేటు రెండూ చూసి ఏది పెద్దదైతే అది ఇవ్వాలి. ఓవర్‌టైమ్ నియమాలు కూడా వేరువేరు. ఫెడరల్ లెక్క వారానికి 40 గంటలు దాటితే, కాలిఫోర్నియాలో రోజుకు 8 గంటలు దాటినా ఓవర్‌టైమే. ఒక్కో పోర్టల్‌లో ఎలక్ట్రీషియన్ పేరు కూడా ఒక్కో రకంగా ఉంటుంది. టైపు చేసిన ప్రతిసారీ కొత్త తప్పు పుట్టే అవకాశం ఉంటుంది. తప్పు పుడితే ప్రైమ్ బిల్లు ఆపుతాడు. ఆపక తప్పదు కూడా, ఎందుకంటే సబ్ తక్కువ ఇస్తే చట్టం ముందు జవాబు చెప్పుకోవలసింది ప్రైమే.

2023 అక్టోబరు 23న అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు కొంత దారి చూపాయి. ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుతుందని స్పష్టంగా రాశారు. ఆన్‌లైన్‌లోనే పంపమని ప్రభుత్వ సంస్థలు అడగవచ్చు, ఇంటర్నెట్ సరిగా అందనివాళ్లకు వేరే దారి ఉంచాలి. ప్రైమ్ కాంట్రాక్టు పని మొత్తం ముగిశాక కనీసం మూడేళ్లపాటు రికార్డులు దాచాలి. ఇవి బాగున్నాయి. కానీ అసలు కావలసింది ఒకే నమూనా. పేరోల్ సాఫ్ట్‌వేర్ నుంచి ఒక ఫైలు బయటికొస్తే, దాన్ని నగరమూ, రాష్ట్రమూ, ఫెడరల్ సంస్థా, ప్రైమూ అందరూ తీసుకోవాలి. సబ్ ఒక్కసారి ఇస్తే సరిపోవాలి. ఇది చేతకాని పనేమీ కాదు, బ్యాంకులు ఒకదానికొకటి డబ్బు పంపుకునేది ఇలాంటి ఉమ్మడి నమూనాలతోనే.

ఇంకో విషయంలో చట్టసభనే తప్పుపట్టాలి. 2,000 డాలర్లు దాటిన కాంట్రాక్టుకల్లా డేవిస్-బేకన్ వర్తిస్తుంది. ఆ అంకె 1935లో పెట్టింది. ఇప్పుడు 2,000 డాలర్లతో రెండు గదులకు సరిగ్గా రంగు వేయించలేం. పైగా ఆ అంకె చూసేది ప్రైమ్ కాంట్రాక్టుకే. ప్రైమ్ కాంట్రాక్టు దాటితే, దాని కింద 800 డాలర్ల సబ్ కాంట్రాక్టుకు కూడా ఈ కాగితాలన్నీ తప్పవు. తలుపు గడియలు బిగించడానికి రెండు రోజులు వచ్చినవాడితో సర్టిఫైడ్ పేరోల్ రాయించడం వల్ల ఏ కార్మికుడికీ లాభం లేదు. ఆ చిన్న కంపెనీ ప్రభుత్వ పనికి దండం పెట్టి తప్పుకుంటుంది, అంతే. ఈ అంకెను పెంచాలి.

ఇండియా సంగతి అడిగేవాళ్లుంటారు. అక్కడా ఇలాంటి సంతకం ఉండేది. కాంట్రాక్టు కార్మికుల మీద 1971లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, గుత్తేదారు డబ్బు పంచేటప్పుడు అసలు యజమాని తరఫు మనిషి అక్కడ ఉండి, ఫలానా తేదీన ఫలానా చోట నా ఎదుటే చెల్లించారని రిజిస్టరులో ధ్రువీకరించాల్సి ఉండేది. ఆలోచన గొప్పది. కానీ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి దేశమంతా ఆనకట్టలు కట్టడానికి వెళ్లిన పాలమూరు కూలీల సంగతి చూడండి. వాళ్లకూ కంపెనీకీ మధ్య గుంపు మేస్త్రీ ఉండేవాడు, ముందే ఇచ్చిన అడ్వాన్సు ఉండేది. రిజిస్టరులో ఏముందో వేలిముద్ర వేసినవాడికి తెలిసేది కాదు. 2017లో కేంద్రం తొమ్మిది కార్మిక చట్టాల కింద ఉన్న 56 రిజిస్టర్లు, ఫారాలను ఐదు రిజిస్టర్లకు కుదించింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. కాగితాలు తగ్గడం మంచిదే. అయితే కాగితాలు తగ్గించే ప్రతి సంస్కరణనూ నేను ఒక్క ప్రశ్నతో కొలుస్తాను. తన పేరు పక్కన ఏం రాశారో ఆ కూలీ చూడగలుగుతున్నాడా?

అమెరికాలోనూ అదే ప్రశ్న. ఈ వారం వారీ లెక్కను మొత్తంగా ఎత్తేయాలని కోరే కాంట్రాక్టర్ల సంఘాల వాదన విన్నాను. జీతాల రికార్డు కంపెనీ దగ్గర ఉంటుంది కదా, ఫిర్యాదు వచ్చినప్పుడు చూసుకోవచ్చు అంటారు. ఇంగ్లీషు సరిగా రాని, పని పోతుందని భయపడే మనిషి ఫిర్యాదు చేస్తాడా? చేసేసరికి పని ముగిసి, సబ్ కాంట్రాక్టరు మరో రాష్ట్రంలో ఉంటాడు. అడిగే వివరాలు తగ్గనక్కర్లేదు, అడిగే సార్లు తగ్గాలి. సంతకం మాత్రం ఉండాల్సిందే.

చివరగా, కొత్తగా ప్రభుత్వ పనికి బిడ్డు వేస్తున్నవాళ్లకు. రేటు వేసే ముందే ప్రైమ్‌ను అడిగి, ఏ వేజ్ డిటర్మినేషన్, అంటే ఏ కూలీ రేట్ల పట్టిక వర్తిస్తుందో కాగితం చేతికి తీసుకోండి. భవనం, నివాసం, హైవే, హెవీ అని నాలుగు రకాలుంటాయి, ఒకే కౌంటీలో ఒకే పనికి వాటిలో రేట్లు వేరుగా ఉంటాయి. ఆ పట్టికలు సామ్ డాట్ గవ్ సైటులో ఎవరైనా చూడవచ్చు. ఎన్ని పోర్టళ్లలో లెక్క పెట్టాలో కూడా అప్పుడే అడగండి, ఆ గంటల ఖర్చు బిడ్డులో కలపండి. పని లేని వారం ఏం పంపాలో ముందే తేల్చుకోండి. పని జరిగిన వారానికే చట్టం లెక్క అడుగుతుంది గానీ, ఈ వారం పని లేదు అని ఒక కాగితం కోరే ప్రైమ్‌లు చాలామంది. తరగతి విషయంలో అనుమానం వస్తే పక్క కాంట్రాక్టరును అడగకండి, కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్ కార్యాలయానికి ఫోన్ చేయండి. వాళ్లు సలహా చెప్పినందుకు రుసుమేమీ తీసుకోరు.